ఒక్క రోజు మెత్తని క్లచ్

ప్రియమైన అక్కకి,

మోకాలు ఎలా ఉంది? ఇంకో ఏడాది ఆ క్లచ్ తొక్కితే డ్రైవరు సీటు శాశ్వతంగా దిగిపోవాల్సిందేనని డాక్టరు అన్నప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు.

మన రవాణా సంస్థ అప్పు చేస్తోంది, కొత్త బస్సులకీ స్టేషన్ల బాగుకీ. ఆ కాగితాలన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. ఆ గుట్ట వెనక నేనొకణ్ణి ఉన్నానని కూడా ఎవరికీ గుర్తులేదు. అప్పిచ్చే బ్యాంకువాళ్ళు వచ్చే వారం నీ బస్సెక్కి చూస్తారు. నీకు దణ్ణం పెడతాను, ఉన్నది ఉన్నట్టు చూపించు. మూలిగితే మూలగనీ, పొగ కక్కితే కక్కనీ. డిపోలో బావకి మరీ మరీ చెప్పు, ఏదీ బాగుచెయ్యొద్దని. నలుగురొస్తున్నారంటే ఆయన చెయ్యి ఊరుకోదు.

నీ తమ్ముడు

*

ప్రియమైన అప్పుల దొరా,

వచ్చారు, ఎక్కారు, దిగారు. నువ్వు చెప్పినట్టే బస్సుని కడగనైనా లేదు. కానీ ఏం చెప్పమంటావు! రోజూ ఆ ఎత్తు రోడ్డులో నా ప్రాణం తోడేసే బండి ఆ వేళ బుద్ధిగా ఎక్కేసింది. క్లచ్ మీద కాలు పెడితే చాలు, వెన్నలా దిగింది. చాలా కాలం తర్వాత మోకాలు పట్టుకోకుండా బస్సు దిగాను. సంతోషం పట్టలేక నవ్వుతూ వాళ్ళకి దారంతా కబుర్లు చెప్పాను కూడా.

స్టేషన్ మెట్లు మాత్రం తమ పని తాము చేశాయి. వాళ్ళలో పెద్దాయన జారి కూర్చుండిపోయాడు. పాపం, నవ్వకూడదు.

మర్నాడు మళ్ళీ మామూలే. క్లచ్ రాయిలా ఉంది.

అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

స్టేషన్లకి అప్పు ఇస్తారట. బస్సులకి ఇవ్వరట. "వాహనాలు బాగానే ఉన్నాయి, మరో ఐదేళ్ళు నడుస్తాయి" అని రాశారు. ఏడాదిన్నరగా ఒక్కొక్క సంతకం కోసం గడప గడపా తిరిగాను. అందులో నీ మోకాలు ఉందని ఎవరికీ చెప్పలేదు, నాకు మాత్రం తెలుసు. నిజం చెప్పు, ఏం చేశారు?

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడూ,

మీ బావని నిలదీశాను. డిపోలో మెకానిక్కుల పెద్ద, నా దగ్గర మాత్రం గోడ చూస్తూ నిలబడ్డారు. పక్క బస్సుల్లోంచి మంచి సామాన్లు ఊడదీసి, నాకు కూడా చెప్పకుండా నా బస్సుకి బిగించారట. సాయంత్రానికి ఏ బస్సువి ఆ బస్సుకి పెట్టేశారట.

"ఎవరో వస్తున్నారని గొప్పకి పోయారా?" అని కడిగేశాను.

"వాళ్ళెవరైతే నాకేం? కొత్తవాళ్ళ ముందు నువ్వు పళ్ళు బిగించుకుని నడపడం చూడలేననిపించింది. ఆ ఒక్క రోజైనా నీ కాలు నొప్పెట్టకూడదనుకున్నా" అన్నారు.

తిట్టాలో ఏడవాలో తెలియక వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

జరిగింది జరిగినట్టు పైవాళ్ళకి చెప్పెయ్యమని ఆయనే అంటున్నారు. సామాన్లు మార్చినందుకు శిక్ష పడుతుందని ఆయనకి తెలుసు. ఒక పని చెయ్యి. బ్యాంకువాళ్ళని మళ్ళీ రమ్మను. ఈసారి నేను నడపను. బండి డిపోలోనే నిలబెడతాం, క్లచ్ వాళ్ళనే తొక్కమను.

అక్క

*

ప్రియమైన అక్కకి,

వాళ్ళు మీ డిపోకి వచ్చి వెళ్ళారని నీకు తెలుసు. క్లచ్ తొక్కి చూసిన పెద్దాయన వెళ్ళేటప్పుడు కుంటుతూ కారెక్కాడట. బస్సులకీ అప్పు మంజూరైంది.

ఇక చేదు మాట. బావని పెద్ద హోదా నుంచి దించారు. అందరితో పాటు కింద పడుకుని నట్లు బిగించాలి. బస్సులు తయారై రావడానికి రెండేళ్ళు పడుతుంది. నీ కాలికి అంత గడువు లేదు. నీ కోసం మొదలుపెట్టిన పని నీకే అందకుండా పోయింది. నాకు చాలా అలసటగా ఉందక్కా.

నీ తమ్ముడు

*

ప్రియమైన అప్పుల దొరా,

ఈ రెండేళ్ళలో ఫోన్లో ఎన్ని మాట్లాడుకున్నా, ఈ సంగతి రాసే చెప్పాలనిపించింది.

బాగుచేసిన స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర నా కుర్చీ బాగానే ఉంది. మెట్లు తీసేసి వాలుదారి వేశారు, ఎవరూ జారడం లేదు. ఈ అప్పు తీరేసరికి నీకూ జుట్టు నెరుస్తుంది. తీరుస్తారులే, టిక్కెట్లు కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

నిన్న కొత్త బస్సులొచ్చాయి. డ్యూటీ దిగి డిపోకి వెళ్ళాను. నా రూటు ఇప్పుడు నడిపే అమ్మాయి "ఒకసారి కూర్చోండి అక్కా" అని తన సీటిచ్చింది. మీ బావ గ్రీజు చేతులతో తలుపు దగ్గర నిలబడ్డారు. క్లచ్ తొక్కాను. హాయిగా దిగింది. ఇలాంటి బండి మీద ఇంకో పదేళ్ళు నడిపేదాన్నిరా. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"ఎలా ఉంది?" అన్నారాయన.

"బాగుంది. కానీ ఆ రోజు మీరు బిగించినంత మెత్తగా లేదు" అన్నాను.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డారు. నేను దిగుతుంటే చెయ్యి అందించారు.

అక్క