చిట్టికి చూపించాల్సినవి

పెనుగంచిప్రోలు,
16-2-2025, ఆదివారం.

అమ్మా గ్రేసీకి,

మీ మామయ్య ఆశీర్వాదం వందనాలతో రాస్తున్నది. ప్రభువు కృప వల్ల ఇక్కడ నేనూ మీ అత్తయ్యా బాగానే ఉన్నాం. నందిగామలో నువ్వు, శాంతికుమార్ గారు, పాప క్రిస్టీ కూడా బాగున్నారని తలుస్తాను. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. మోగకముందే ఆపేశాను. అందుకని ఉత్తరం.

మీ అత్తయ్య వత్సవాయి నుంచి కుక్కపిల్లను తెచ్చింది. గోధుమరంగు, మూతి నలుపు. చిట్టి అని పేరు పెట్టింది. తెచ్చిన రోజు మిక్సీ వేస్తే మంచం కిందికి దూరి సాయంత్రం దాకా రాలేదు. టీకా కోసం జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఈ రెండు నెలల్లో చూసినవాటికి అది ఇక భయపడదట. చూడనివాటికి పెద్దయ్యాక బెదిరి కరుస్తుందట. టీకాలన్నీ అయ్యేదాకా వీధిలో కింద వదలకుండా ఎత్తుకునే తిప్పమంది. దేని దగ్గరకూ బలవంతాన తోయవద్దు, దూరం నుంచి చూడనిచ్చి, బెదరకపోతే బిస్కెట్ ముక్క పెట్టమంది. ఏమేం చూపించాలో టీకా చీటీ వెనక రాసిచ్చింది. గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గడ్డం మనిషి, చేతికర్ర, ట్రాక్టరు, డప్పు.

నా సంగతి నీకు తెలుసు. ఒకరి గడప తొక్కే మనిషిని కాను. ఇప్పుడు రోజూ దాన్ని చంకనేసుకుని ఊరంతా తిరుగుతున్నాను. మిరపకాయల కల్లం దగ్గర అది వరసగా నాలుగుసార్లు తుమ్మితే, కూలికి వచ్చిన ఆడవాళ్ళు, ఏం తాతా, మనవరాలికి జలుబు చేసిందా అని నవ్వారు. ఆటో ఎక్కితే ప్రతివాళ్ళూ దాని పేరేంటి, ఏం తింటుంది అని అడుగుతారు. జవాబు చెప్పక తప్పదు.

పిలిస్తే రావడం నేర్పడమే కష్టమైంది. హుషారుగా పిలవాలట. నాకేమో వాకిట్లో గొంతెత్తాలన్నా సిగ్గు. నేను పిలిస్తే అది చీమలను చూస్తూ కూర్చునేది. మీ అత్తయ్య వంటింట్లోంచి, అదేం పిలుపయ్యా, ప్రార్థన చేసుకుంటున్నావనుకుంటోంది అది, గట్టిగా పిలిస్తే నీ నోటి ముత్యాలేం రాలవులే అంది. మొన్న మంగళవారం చిట్టీ అని అరిచాను. పక్కింటి రత్తమ్మ కూడా బయటికొచ్చి చూసింది. చిట్టి మాత్రం చెవులు ఎగరేసుకుంటూ వచ్చి నా కాళ్ళ మీద పడింది.

ఇంకొక మాట. మా అబ్బాయి డేవిడ్‌రాజు పోయిన మూడేళ్ళకు నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకోవడం నాకు ఇష్టం లేదని, అందుకే పెళ్ళికి రాలేదని నువ్వు అనుకుంటున్నావట. మీ అత్తయ్య ఈ మధ్యనే చెప్పింది. అది కాదమ్మా. ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను. చర్చిలో ఎవరైనా పెళ్ళికూతురికి మీరేమవుతారని అడిగితే మామగారినని ఎలా చెప్పాలో తోచలేదు. నాకు నడుం నొప్పిగా ఉందని మీ అత్తయ్యతో చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను. నీ పెళ్ళి నాకు సంతోషమే. అప్పుడే చెప్పాల్సింది. రెండేళ్ళు పట్టింది.

చీటీలో ఉన్నవన్నీ చిట్టికి చూపించాను. డప్పుకు మొదటిరోజు వణికింది, మూడోరోజు నిద్రపోయింది. పసిపిల్ల ఒక్కటే మిగిలింది. మన వీధిలో అంత చిన్నపిల్లలు లేరు. క్రిస్టీకి పది నెలలు నిండాయని విన్నాను. శాంతికుమార్ గారు సరేనంటే వచ్చే శనివారం చిట్టిని తీసుకుని వస్తాను. నా ఒళ్ళోంచి కిందికి దించను. పాప ఏడిస్తే వెంటనే వెళ్ళిపోతాం. వద్దన్నా ఏమీ అనుకోను.

ఇట్లు,
మీ మామయ్య,
ఆశీర్వాదం

తా.క.: డాక్టరమ్మ చీటీలో పసిపిల్లల మాట లేదు. అది నేను కలిపింది. పాపను చూడాలని నాకే ఉంది.