మంచెల మీద నేచర్ స్టడీ

డిసెంబరు 5, 1931. శనివారం

ఈ అరవదేశపు ఊళ్ళో సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. మా నాయన పట్టుబట్టి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి. ఇక్కడ ఎవరి మీద ఏం రాసుకున్నా నన్నడిగేవాళ్ళు లేరు.

ఇవాళ మొదటి నేచర్ వాక్. బడి ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి కడంబూరు దారిన రేగడి చేలగట్ల మీదికి తీసుకెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. తంగేడు విరగబూసింది. ఇక్కడ ఆవారం అంటారు. గట్టు కింద తుమ్మిపూలు, తెల్లగా, గింజంతేసి. పత్తి మీద ఒక పిల్లిగద్ద రెక్కలాడించకుండా తిరిగింది. పిల్లలకి ఒకటే రూల్ పెట్టాను. పిట్ట కనబడితే కదలకూడదు, నోరు మెదపకూడదు. చిన్నతాయి ఊపిరి కూడా బిగబట్టింది. మొహం కందిపోతుంటే, వదలవే తల్లీ అని వీపు తట్టాను.

బావి దగ్గర ఆడవాళ్ళు, టీచరమ్మ బిడ్డల్ని మేపను తోలుకు పోతా ఉండాదే అని నవ్వారు. నవ్వనీ. వచ్చే శనివారం ఇంకా దూరం వెళ్తాను.

డిసెంబరు 14, సోమవారం

బడికి ఒక్క పిల్లా రాలేదు.

అదే రోజు, సాయంత్రం

జొన్న పాలుపోసుకుందట. ఇక్కడ సోలం అంటారు. సోలకురువులు దిగాయి. గోరువంక జాతే, నల్ల తల, గులాబీరంగు ఒళ్ళు. చలికాలం ఎక్కణ్ణించో మందలుగా వచ్చి పడతాయి. పడిన చేలో కంకి మిగలదు. అందుకని ఆడపిల్లలంతా వడిసెలలు, రేకుడబ్బాలు పట్టుకుని మంచెలెక్కారు. కోత దాకా దిగరు. ఏటా ఇంతేనట. నేను ఈ ఊరికి కొత్త. ఒక్కళ్ళయినా ముందు చెప్పలేదు!

మేనేజరు శంకరలింగం గారు ఖాళీ బడి చూసి మొహం చాటంత చేసుకున్నారు. జనవరిలో ఇన్‌స్పెక్ట్రెస్ వస్తుంది, పిల్లలు లేకపోతే మూసేయమంటుంది, అందులో నా చేతిలో ఏముంది పొన్నుతాయీ అన్నారు. ఏముందో నాకు తెలుసు. విరుదునగర్ షావుకార్లకి పత్తి మూటలు దించుకోవడానికి ఒక గది కావాలి. ఆ గది మా బడి. మగపిల్లల బడిలో ఆడపిల్లల్ని చేర్చుకోరు. ఇది మూస్తే ఈ ఊరి ఆడపిల్లకి అక్షరం లేదు.

మూయనివ్వను. చూస్తాను ఎలా మూస్తారో.

డిసెంబరు 15

పిల్లలు బడికి రాకపోతే బడే చేలోకి వెళ్తుంది. పలకలు చంకన పెట్టుకుని చిన్నతాయి మంచె దగ్గరికి వెళ్ళాను. అది కాసేది వాళ్ళవ్వ ముత్తమ్మాళ్ చేను. చుట్టుపక్కల మంచెల మీది పిల్లలు కూడా దిగి వచ్చి ఒకరి వెనక ఒకరు పాఠం చెప్పించుకుని వెళ్ళారు. పలకల నిండా మట్టి. బాగుంది.

డిసెంబరు 18

కొంప మునిగింది.

కింద కూచుని ఒక పిల్ల చేత అక్షరాలు దిద్దిస్తున్నాను. చెవులకి హోరు తెలిసి తలెత్తేసరికి మంద మొత్తం చేలో ఉంది. మంచె మీద చిన్నతాయి వడిసెల చేతపట్టుకుని, నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళింతలు చేసుకుని చూస్తోంది. టీచరు పక్కనుంది. పిట్ట కనబడింది. కదలకూడదు. పక్క మంచెల మీదా అందరూ అంతే! నేను గొంతు చించుకుని అరిచేసరికి ఒక మూలంతా చొప్ప మిగిలింది.

ముత్తమ్మాళ్ కర్ర పట్టుకుని వచ్చింది. ఒంటికాలి మీద లేచింది. అయ్యో నా సోలమంతా పాయనే, గువ్వల్ని తోలమని ఎక్కిస్తే దానికి వేడుక చూసేది నేర్పిస్తివా, ఇంగ నా సేన్లో కాలు పెడితే ఇరస్తా అని తిట్టింది. పొద్దు వాలేలోపు ఊళ్ళో ప్రతి ఇల్లూ అదే మాటంది. ఏ చేలోకీ నన్ను రానివ్వరు.

చిన్నతాయిని ఎవరూ ఏమీ అనకుండా అడ్డం నిలబడ్డాను. అది చెప్పినట్టే చేసింది కదా.

డిసెంబరు 19, శనివారం

ఒక్కదాన్నే వాక్‌కి వెళ్ళాను. దారి ఎవరి చేనూ కాదు. తంతి తీగ మీద పాలపిట్ట నీలంగా మెరిసింది. దాన్ని చూసినా కోపం తగ్గలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

నాలుగు దిక్కులా మంచెల మీంచి పిల్లల కేకలు. హోయ్, హోయ్, పొద్దస్తమానం అదే కేక. క్లాసులో గొంతు పెగలని పిల్లలు మైలు దూరం వినబడుతున్నారు.

అరిచే నోటికి హోయ్ అయితేనేం, ఎక్కం అయితేనేం?

డిసెంబరు 20

ముత్తమ్మాళ్ ఇంటికే వెళ్ళాను. కర్ర ఆమె చేతికందేంత దూరంలోనే కూచున్నాను. పాటం అరిస్తే గువ్వ పోతాదా అని అడిగింది. పోతుంది అన్నాను. నాకేం తెలుసు! పోకుంటే అని అడిగింది. పోకపోతే కోత దాకా నీ మంచె మీద నేనే ఉంటాను అన్నాను. కర్ర గోడకి ఆనించి, రేప్పొద్దున రా అంది.

డిసెంబరు 23

పోయాయి! రెండు రెళ్ళు అని చిన్నతాయి అరిస్తే నాలుగు అని పక్క మంచె అరుస్తుంది. ఆ పక్కది అందుకుంటుంది. అక్షరాలు, పూల పేర్లు, ఆ పిట్టల పేర్లే ఆ పిట్టల మీదికి. మంద దిగబోయి, చుట్టు తిరిగి, ఎగిరిపోయింది. నా గొంతు బొంగురుపోయింది. మిగతా చేల వాళ్ళూ నన్ను రావద్దనడం మానేశారు. ముత్తమ్మాళ్ గట్టున నిలబడి, ఆ మూడో మంచె బిడ్డ ఆరు దగ్గర నసుగుతా ఉండాది, చూడమ్మా అని కంప్లయింట్ చేసింది.

జనవరి 8, 1932

ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చింది. శంకరలింగం గారు తాళం వేసిన బడి చూపించి, ఆడపిల్లలకి చదువంటే ఇష్టం లేదండీ అన్నారు. నేను ఆమె బండికి అడ్డం నిలబడ్డాను. చేలోకి రమ్మన్నాను. ఆయన వెనకే వచ్చి, వీళ్ళు కావలి పిల్లలు, బడి పిల్లలు కారు అన్నారు.

హాజరు పట్టీ తీసుకుని మంచె ఎక్కాను. ఒక్కో పేరూ అరిచాను. ఒక్కో మంచె నుంచీ, ఉండానమ్మా! అని వచ్చింది. ఒక్క పేరూ తప్పిపోలేదు. పైన మంద విరిగి రెండయింది.

ఎవరి పర్మిషన్‌తో ఇలా చేస్తున్నావని ఇన్‌స్పెక్ట్రెస్ అడిగింది. ఎవరిదీ లేదు అన్నాను. కోత దాకా ఇక్కడే చెప్పు, తర్వాత గదిలో చెప్పు, బడి ఉంటుంది అంది.

ఫిబ్రవరి 1

కోతలయిపోయాయి. గది తాళంచెవి ఇవ్వనని శంకరలింగం గారు తలుపేసుకున్నారు. ముత్తమ్మాళ్ రేకుడబ్బా వాయిస్తూ ఆయన వాకిట్లో నిలబడి మూడో ఎక్కం మొత్తం అరిచింది. ఆరు దగ్గర నసగలేదు. నాలుగో ఎక్కం ఎత్తుకోబోతుంటే తాళంచెవి గోడ మీంచి వచ్చి పడింది.