నల్లకోటలో చచ్చిన ముత్యం

గోదావరిఖని,
సోమవారం.

పందిరి చిత్రాలయం, ప్రేక్షకుల అభిప్రాయాల విభాగం, హైదరాబాదు వారికి, రిటైరైన గని కార్మికుడు ముత్యం నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

మీరు 'నల్లకోట గూఢచారి' అనే పాత సినిమాను కడిగి, దుమ్ము దులిపి యూట్యూబులో పెట్టారు. ఆ సినిమా చివరి పోరాటం మా ఊరి బొగ్గుబాయి మట్టిగుట్టల మీదే తీశారు. విలన్ సైన్యం తక్కువ పడిందని మా షిఫ్టు వాళ్లను పిలిచి నల్లచొక్కాలు తొడిగారు. హీరో తుపాకి పేల్చగానే పడి చచ్చేవాళ్లలో నేనొకణ్ణి. అప్పట్లో ఆ దుమ్ములో ఎవడు ఎవడో తెలిసేది కాదు. మీరు కడిగిన పుణ్యాన ఇప్పుడు నా ముక్కు మీది పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది.

బాధేమిటంటే, చచ్చిన తరువాత నేను లేచి, పక్క శవం ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. దాని మీద జనం రాసిన అభిప్రాయాలు విన్నాక నాకు అన్నం సహించడం లేదు. "ఇంత చేతగాని శవాన్ని ఎక్కడా చూడలేదు" అని ఒకరు. "సచ్చినా డ్యూటీ మరువలే, హాజరు తీసుకుంటుండు" అని ఇంకొకరు. షేర్ ఆటో నడిపే మా వీరేందర్ ఎక్కినవాళ్లందరికీ అదే చూపిస్తున్నాడు. నిన్న నేను ఎక్కితే, "కాకా, జర జరుగు. శవానికి గింత జాగ ఎందుకే?" అన్నాడు. ఆటో అంతా నవ్వింది. దిగి నడిచి వచ్చాను.

నిజం ఇది. పక్కన పడ్డవాడు మా యిర్మియా. ఆ ఎండకు వాడు నిజంగానే సొమ్మసిల్లాడు. బాయిలో పక్కమనిషి కదలకపోతే ముందు ఊపిరి చూస్తాం, ఆ తరువాతే ఏదైనా. కెమెరా సంగతి నాకు గుర్తు రాలేదు. నా చావు సరిగ్గా లేదని ఒప్పుకుంటున్నాను. దయచేసి దాన్ని తీసెయ్యండి.

ఇట్లు,
తల ఎత్తుకోలేని
ముత్యం

తా.క.: ఫోనే చేసేవాణ్ణి. మిషన్ల చప్పుడుకు చెవులు పోయాయి. మీ ఫోనులోని ఆవిడ ఒకటి నొక్కమన్నదో రెండు నొక్కమన్నదో వినపడక రెండూ నొక్కాను. పాట వచ్చింది.

*

హైదరాబాదు,
శుక్రవారం.

ముత్యం గారి కుటుంబ సభ్యులకు,

నమస్కారం. మీ ఉత్తరం దారిలో వానకు తడిసి, సిరా అలుక్కుపోయి అందింది. 'నల్లకోట', 'ముత్యం', 'చావు సరిగ్గా లేదని', 'ఊపిరి', 'తీసెయ్యండి' అన్న మాటలు మాత్రమే చదవగలిగాం. అయినా విషయం పూర్తిగా అర్థమైంది. మా ప్రగాఢ సానుభూతి.

చనిపోయిన కళాకారుల సన్నివేశాల విషయంలో వారి భార్యగానీ పిల్లలుగానీ మాకు రాయవలసి ఉంటుంది. తొందరేమీ లేదు. దుఃఖం నుంచి తేరుకున్నాకే రాయండి.

భవదీయురాలు,
సారిక
ప్రేక్షకుల అభిప్రాయాల విభాగం

తా.క.: ఉత్తరం చివర ముత్యం గారి పేరుతోనే సంతకం ఉంది. ఆయన మీద మీకున్న ప్రేమకు మా ఆఫీసంతా కరిగిపోయింది.

*

గోదావరిఖని,
బుధవారం.

సారికమ్మకు, ముత్యం రాస్తున్నది.

అమ్మా, నేను చావలేదు. చచ్చింది సినిమాలో. అక్కడ కూడా సరిగా చావలేదనే కదా లోకం గోల!

మీరు నమ్మడానికి నా భార్య లస్మవ్వతో కింద సంతకం పెట్టిస్తున్నాను. ఆమె కలం పట్టుకుని, "నువ్వు బతికున్నవని నేను కాయితం రాసిచ్చుడేంది? నన్నడిగితె, ఆటోల నవ్విండ్రని మూలకు కూసున్న నాడే సచ్చినవు" అంది. తిడుతూనే రాసింది. రుజువుగా ఫోటో కూడా పంపుతున్నాను. రిటైరైన రోజు తీసింది. కాస్త పెద్ద ఫోటో నా దగ్గర ఇదొక్కటే.

ఈసారి ఉత్తరాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపుతున్నాను.

ఇట్లు,
బతికున్న
ముత్యం

మా ఆయన బతికే ఉన్నడు. — లస్మవ్వ

తా.క.: పింఛను కోసం ఏటా బ్యాంకుకు వెళ్లి బతికున్నానని చూపించి వస్తున్నాను. వాళ్లు ముఖం చూడగానే నమ్ముతారు.

*

హైదరాబాదు,
మంగళవారం.

పూజ్యులైన లస్మవ్వ గారికి,

మెడలో బంతిపూల దండతో ఉన్న ముత్యం గారి ఫోటో అందింది. ఎంత నిండైన నవ్వు! కింద మీరు రాసిన 'మా ఆయన బతికే ఉన్నడు' అన్న ఒక్క మాట చదివి మా మేనేజరు గారు కళ్లు తుడుచుకుని, మిగతా ఉత్తరం చదవలేక పక్కన పెట్టేశారు.

ఆ ఫోటోను సినిమా మొదట్లో చేర్చి, 'నల్లకోట వీరుడు కీర్తిశేషులు ముత్యం గారికి నివాళి' అని వేశాం. వేసిన నాటి నుంచి ప్రేక్షకుల అభిప్రాయాలే మారిపోయాయి. "చావులోనూ కదిలే నటన, ఈ తరంలో ఎవరికుంది?" అని రాస్తున్నారు.

వచ్చే ఆదివారం హైదరాబాదులో ఈ సినిమా ప్రత్యేక ప్రదర్శన ఉంది. మీరు వచ్చి నాలుగు మాటలు చెప్పాలి. మీకు శాలువా కప్పుతాం.

భవదీయురాలు,
సారిక

తా.క.: ముత్యం గారికి ఇష్టమైన పలహారం ఏమిటో రాయండి. ఆయన పేరు మీద అందరికీ పెడతాం.

*

గోదావరిఖని,
గురువారం.

సారికమ్మకు,

దండ యూనియన్ వాళ్లు వేసింది తల్లీ. రిటైరైతే దండ వేస్తారు. చచ్చినా వేస్తారు. ఆ తేడా ఫోటోలో తెలియదని నాకు తట్టలేదు.

మీ నివాళి చూసి వీరేందర్ ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు. తలుపు తీసింది నేనే. వాడు వెనక్కి పడ్డాడు. లేపి నీళ్లు తాగిస్తే, "కాకా, గీ మాట ముందుగాల చెప్పద్దానే?" అని నన్నే తిట్టాడు.

ఎదురుగా నిలబడి నిజం చెప్పి వస్తానని లస్మవ్వ బస్సెక్కి హైదరాబాదు వచ్చింది. అక్కడ జరిగింది మీకు తెలుసు. మైకు పట్టుకుని, "మా ఆయన సావలే. బతికే ఉన్నడు. తెల్లారంగ నాకు చాయ్ పెట్టిచ్చి బస్సెక్కిచ్చిండు" అంది. హాలంతా లేచి నిలబడింది. "నిజంగనే ఉన్నడుర్రా!" అని గట్టిగా అరిస్తే వెక్కివెక్కి ఏడ్చారట. ఇక విసిగిపోయి, యిర్మియా సొమ్మసిల్లిన సంగతి చెప్పింది. "పక్క మనిషి ఊపిరి ఆడుతుందా లేదా అని జూసిండు. గదేమన్న తప్పా? మీ పక్కపొంటి ఎవలన్న పడితె మీరు జూడరా?" అని అడిగి దిగింది.

తిరిగి వచ్చాక, "చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన. మస్తు చప్పట్లు కొట్టిండ్రు."

శాలువా ఆమె కప్పుకుంది. మీరిచ్చిన నా పెద్ద ఫోటోకు చుట్టూ బల్బులున్నాయి. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కిందికి తోశాం. రాత్రి కాలు తగిలి వెలుగుతోంది. ఎవరికి చెప్పుకోవాలమ్మా? బతికున్నానని ఇంకెట్లా చెప్పాలి? నవ్విన రోజులే నయం. అప్పుడు కనీసం బతికున్నవాణ్ణి చూసి నవ్వారు.

ఇట్లు,
నమ్మేవాళ్లు లేని
ముత్యం

తా.క.: యిర్మియాకు చెప్పుకుంటే, "బావా, మా చర్చిల గిట్ల సచ్చి లేచినాయనకు ఏటేటా పండుగ జేస్తం. నీకేం తక్కువైంది?" అన్నాడు. వాడి ఊపిరి చూడకుండా ఉండవలసింది.

*

హైదరాబాదు,
సోమవారం.

గౌరవనీయులైన ముత్యం గారికి,

క్షమించండి. ఈసారి మీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి దాకా నేనే చదివాను. తరువాత లస్మవ్వ గారి ప్రసంగం మళ్లీ విన్నాను. ఆమె ఏడవలేదు. మా మీద కోప్పడ్డారు. ఆ రోజు మేమెవరం దాన్ని గమనించలేదు. సిగ్గుగా ఉంది.

నివాళినీ, దానితో పెట్టిన ప్రసంగం వీడియోనూ తీసేస్తాం. ఆ వీడియో కింద జనం రాసిన అభిప్రాయాలు కూడా దానితోపాటే పోతాయి. మీరు జీవించే ఉన్నారని పెద్ద అక్షరాలతో ప్రకటిస్తాం. సరేనని ఒక్క ముక్క రాస్తే చాలు.

భవదీయురాలు,
సారిక

తా.క.: మా మేనేజరు గారు ఇంకా నమ్మడం లేదు. ఆయన సంగతి నేను చూసుకుంటాను.

*

గోదావరిఖని,
ఆదివారం.

చిరంజీవి సారికమ్మకు, ముత్యం ఆశీర్వదించి రాస్తున్నది.

నీ ఉత్తరం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. పోయే అభిప్రాయాలు పోయేముందు ఒక్కసారి వింటానని వీరేందర్‌ను ఇంటికి పిలిచాను. నన్ను మహానటుడన్న మాటలు విని కాసేపు సంతోషిద్దామనుకున్నాను. ఫోనులోని చిన్న అక్షరాలు నాకు ఆనవు, వాడే నా చెవి దగ్గర అరిచి చదివాడు.

లస్మవ్వ ప్రసంగం కింద నా నటన గురించి ఎవరూ రాయలేదమ్మా. శ్రీరాంపూర్ నుంచి సారవ్వ అనే ఆమె రాయించింది. వీరేందర్ చదివింది చదివినట్టే రాస్తున్నాను:

"మా ఆయన బాయిల పైకప్పు కూలి పోయిండు. పోయేటప్పుడు పక్కన ఎవలున్నరో, ఊపిరి జూసినోడు ఒక్కడన్న ఉన్నడో లేడో అని గిన్నేండ్లు ఏడ్సిన. లస్మవ్వక్క మాట ఇన్నంక, ఉండే ఉంటడు అనుకున్న. ఏ లోకాన ఉన్నవో ముత్యమన్నా, మా ఆయన కనబడితె నేను బాగున్ననని చెప్పు."

దాని కింద ఇంకొకరు, ఆ కింద ఇంకొకరు. ఎవరికో తమ్ముడు, ఎవరికో తండ్రి. అందరూ నాకు కబుర్లు అప్పజెప్పారు. వీరేందర్ ఫోను బోర్లించి పెట్టేశాడు. లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

సారవ్వ భర్త పోయిన బాయిలో నేను పనిచేయలేదు. కానీ పక్కవాడి ఊపిరి చూడకుండా వచ్చిన బాయిమనిషిని నేనింతవరకు ఎరుగను. ఆ మాట ఆమెకు చెప్పాలని ఉంది. చెబితే నేను బతికున్నానని తెలుస్తుంది. అప్పుడు ఆమె కబురు మోసేవాడు ఎవడు?

"ఏం జేద్దామే?" అని లస్మవ్వను అడిగాను.

"బతికి నువ్వు జేసే పనులు నాకు ఎరికే గని, గట్లనే ఉండు" అంది.

అందుకని, ఏదీ తీయవద్దు తల్లీ. ప్రకటన వేయవద్దు. నన్ను అట్లాగే ఉండనియ్యి.

ఇట్లు,
కీర్తిశేషుడు
ముత్యం

తా.క.: ఎప్పుడైనా ఇటు వస్తే మా ఇంటికి రా. నాకు మక్క గుడాలంటే ఇష్టం, నీకూ పెడతాను. మీ మేనేజరును మాత్రం తేవద్దు. పెద్దమనిషి, తలుపు నేనే తీస్తే తట్టుకోలేడు.