వార్తల కోటు, గౌరక్క ముక్కుపుడక

సోమవారం

గౌరక్క అదిరింది. ముక్కుపుడక పెట్టి, కొంగు నడుముకు దోపి— "రేపటి సంది కొత్తగూడ చౌరస్తాల బజ్జీల బండి పెట్టాల్నంటె మెడల ఐడీ కార్డు ఉండాల్నట. ఇంగ్లీషుల ఇంటర్వ్యూ గూడ జేస్తరట." స్టూడియో మొత్తం నవ్వింది. ఏడింటికి కోటేసుకుని వార్తలు, ఆ తర్వాత వేషం కట్టి గౌరక్క. రెండూ ఇలా చేసేవాళ్లు మాదాపూర్ టీవీ ఛానెళ్లలో ఇంకొకరు లేరు. నాకు తెలుసు.

మంగళవారం

క్లిప్పు అందరి ఫోన్లలో తిరుగుతోంది. భలే.

బుధవారం

బోరబండ వెళ్లాను. ఈపాటికి కొత్తగూడ చౌరస్తాలో ఉండాల్సిన మేనత్త బజ్జీల బండి ఇంటి ముందే ఉంది, పట్టా కప్పి. జ్వరమా అంటే—

"నువ్వే చెప్పినవ్ గద బిడ్డా, కార్డు లేకుంటె పెట్టనియ్యరని."

అది జోకు అత్తా, ముక్కుపుడక చూడలే?

"చూసిన. మంచిగుంది. మొకం నీదే గద."

పక్క బండ్ల వాళ్లకూ చెప్పిందట, మా అన్న బిడ్డ టీవీల చెప్పిందని. తల కొట్టేసినట్టయింది.

గురువారం

మా ఎడిటర్ ప్రసాద్ గారికి చెప్పాను, వివరణ ఇద్దామని. "జోకు చచ్చిపోద్దండి. అసలు వార్తల చివర కూడా గౌరక్క గొంతుతో మీ అభిప్రాయం ఒకటి పడేయండి. కలిపి కొడదాం."

కుదరదు సార్ అన్నాను. వార్త చదవడం వచ్చు, నవ్వించడం వచ్చు, అభిప్రాయమూ ఉంది. ఏది ఏదో చూసేవాళ్లకు తెలియాలి. అంతే.

"ఆలోచించుకోండి. బయట చాలామంది ఉన్నారు."

ఉండనీ.

శుక్రవారం

ఏడింటి వార్తల్లో, నేను చూసి చదివే ప్రాంప్టర్ తెర మీద లేని మాటలు చెప్పేశాను— "కొత్తగూడలో బండి పెట్టడానికి ఏ కార్డూ అక్కర్లేదు. సోమవారం నేను వేషంలో అన్నది జోకు. నమ్మినవారు మన్నించండి." చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ప్రసాద్ గారి గొంతు, "ఎవర్నడిగి—" తర్వాతి వార్తకు వెళ్లిపోయాను. గొంతు వణకలేదు. కోటు ఉన్నది ఇందుకే.

శనివారం

ఎల్లుండి వచ్చి కలవమంది మేనేజ్‌మెంట్. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో... చేసింది మాత్రం కరెక్టే. మళ్లీ చేస్తాను.

సాయంత్రం అత్తకు ఫోన్. బండి తీసినవా?

"ఏడ తీసిన బిడ్డా. నిన్న నిన్ను చూసి మస్తు నవ్విన. గా కోటేసుకొని, జర గూడ నవ్వకుంట జోకెట్ల చేస్తవే?"

కోటేసుకుంటే జోకు కాదత్తా, అది వార్త.

"సరె, ఇగ నిజం చెప్పు. కార్డు ఏడ ఇస్తున్నరు?"