కొత్త గాజు మీద బొగ్గు పూత

అన్నకు నీ చెల్లి జయ నమస్కారం. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల వాపు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోవద్దు. తిరుపతి ఎండ మన పులికాట్ ఎండలా కాదు, గాలే ఉండదు. హాస్టల్లో సాంబారు తినీ తినీ నాలుక మొద్దుబారింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు చేపలు పంపించు.

ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నానని నువ్వు నొచ్చుకున్నావట, వదిన చెప్పింది. ల్యాబులో జరిగింది నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మునిరత్నమన్న గురించి నీకు చెప్పాను కదా, నాకంటే ముందు చేరిన కాణిపాకం ఆయన. నాకు పని నేర్పింది ఆయనే. మేము చేసేవి రంగు నుంచి కరెంటు పుట్టించే సోలార్ సెల్స్. రెండు గాజు పలకలు, మధ్యలో ద్రవం. ఒక పలకకు ఎండను పట్టే రంగు, రెండోదానికి ప్లాటినం పూత. ప్లాటినం మనలాంటి వాళ్లు కొనగలిగేది కాదు. దాని బదులు ఆయన గుడి దగ్గర పారేసే కొబ్బరి చిప్పలను కాల్చి, ఆ బొగ్గు పూసేవాడు. ఆ సెల్స్ ప్లాటినం వాటితో సమానంగా కరెంటు ఇచ్చాయి. వ్యాసం అచ్చయింది. థీసిస్ కూడా దాని మీదే రాసేశాడు, ఇక ఇవ్వడమే తరువాయి.

పోయిన నెల మా గైడు సార్ నన్ను ఆ సెల్స్ మళ్లీ చేయమన్నారు. పాత గాజు అయిపోతే కొత్త పెట్టె విప్పాను. కరెంటు సగం కూడా రాలేదు. నా చేతి తప్పనుకుని మళ్లీ మళ్లీ చేశాను. చివరకు అనుమానం వచ్చింది. గాజు ఖరీదని మేము పాత పలకలనే యాసిడ్‌తో కడిగి వాడుకుంటాం. ఆయన వాడినవన్నీ అంతకుముందు ప్లాటినం పూసినవి. అలా కడిగిన పలకనొకటి వెతికి, బొగ్గేమీ పూయకుండానే సెల్‌లో పెట్టి చూశాను. బాగానే పనిచేసింది. ఇన్నాళ్లూ కరెంటు ఇచ్చింది కడిగినా పోని ప్లాటినమే, బొగ్గు కాదు.

సార్ కంటే ముందు ఆయనకే చూపించాను. తనే తీగలు విప్పి, మళ్లీ తగిలించి మీటరు చూశాడు.

"నువ్వు సెప్పకపోయినా రేపు ఇంకొకరు కొత్త గాజు తెస్తారు జయా. నేనే పోయి సార్‌తో సెప్తా," అన్నాడు.

ఆయనే చెప్పాడు. సార్ కోప్పడలేదు, గది తలుపు వేసుకున్నారు. తర్వాత వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఫెలోషిప్ గడువు అప్పటికే తీరిపోయింది, మళ్లీ మొదలుపెట్టే దారి లేదు. మునిరత్నమన్న పుస్తకాలు సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు.

మొన్న ఆదివారం కాణిపాకం వెళ్లాను. వాళ్ల నాయన నడిపే కొబ్బరికాయల అంగట్లో మునిరత్నమన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి స్టూలు వేశాడు, కాఫీ తెప్పించాడు. ల్యాబు గురించి ఒక్క మాటా అడగలేదు. ఆయన భార్య సుగుణక్క బస్సు దాకా తోడు వచ్చింది.

"తప్పు నీదని అనను పాపా. ఆ పెట్టె ఆయన థీసిస్ ఇచ్చినాక తెరిచి ఉండొచ్చు కదా," అన్నది.

బస్సు వస్తే ఎక్కేశాను.

ఇప్పుడు ఆ పని సార్ నాకే అప్పగించారు. బొగ్గు కొత్త గాజు మీద పనిచేసేలా చూడాలి. పనిచేస్తుందో లేదో తెలియదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా బాగానే ఉన్నాను, అమ్మకు అంతే చెప్పు.

అన్నా, జవాబు రాసేటప్పుడు నేను చేసింది మంచిదేనని నా మనసు కోసం రాయవద్దు. నీకు ఏమనిపిస్తే అది రాయి.

అమ్మ పాదాలకు, వదినకు నా దండాలు. నన్ను దీవించమని అడుగుతూ,

నీ చెల్లి
జయ