సంతకం చేసినవాడే ఎక్కాలి

పటమట,
12-6-1978.

చిరంజీవి ఇశ్రాయేలును మీ నాన్న దీవించి రాసేది. ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. బొంబాయిలో వానలు పట్టుకున్నాయని రాశావు. తడిసిన బూట్లతో హ్యాంగర్‌లో తిరగొద్దు. ఇక్కడ రోహిణి కార్తె వెళ్ళిపోయినా ఉక్కపోత మాత్రం వెళ్ళలేదు. ఆటోనగర్‌లో లారీ షెడ్డు నుంచి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయి, మంచం మీద వాలితే లేవబుద్ధి కావటం లేదు. నీ ఉత్తరానికి పది రోజులైనా జవాబు రాయలేదు. ఓపిక లేక అని మీ అమ్మతో అన్నాను గానీ, అది సగమే నిజం.

కొత్తగా వస్తున్న ఏడు వందల సిరీసు విమానంలో ఇంజను తప్ప కొత్తేముందని అడిగావు. సేట్లు తిరిగే ఆ చిన్న వన్ ట్వెంటీఫైవ్ విమానం ఎప్పుడూ అంతేరా. మొదటిదాన్ని నేను విప్పినప్పుడు నువ్వింకా నిక్కర్లలో ఉన్నావు. నాలుగు వందల సిరీసుకి తలుపులోనే మెట్లు పెట్టారు. ఆరు వందలకి ఒళ్ళు మూడడుగులు సాగదీశారు, ఇంకో నలుగురు సేట్లు కూర్చోటానికి. అయినా అన్నిట్లోనూ అదే చెవులు బద్దలయ్యే గోల, అదే ఇంధనం తాగుడు. ఇప్పుడు వచ్చేదానికి ముందు పెద్ద ఫ్యానున్న ఇంజను. గోల తగ్గింది, తాగుడు తగ్గింది, ఎక్కడా దిగకుండా చాలా దూరం పోతుంది. ఆ పని తెలిసినవాడికి పదిహేనేళ్ళు తిండికి లోటుండదు.

ఆ పని నేర్పే కోర్సుకి నువ్వు రానన్నావట. మా నాన్నని ఇంటికి పంపిన మోడల్‌ని నేను ముట్టుకోనని చీఫ్ గారి ముందే అన్నావట. ఈ శనివారం లోపల కోర్సు కాగితం మీద సంతకం పెట్టకపోతే నీ బదులు ఇంకొకణ్ణి పంపుతారని కూడా నువ్వే రాశావు. నా మీద నీకున్న ప్రేమకి మురిసిపోవాల్సింది పోయి, సిగ్గుతో చచ్చాను.

నన్ను ఆ మోడల్ పంపలేదు నాయనా. ఆ కోర్సుకి నీకంటే ముందు రాసిన పేరు నాదే. వద్దని రాసిచ్చింది నేనే.

పోయిన ఆగస్టులో ఆరు వందలదానికి సర్వీసింగ్ చేసిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. అంతా సరిగ్గా ఉందని సంతకం చేసినవాడే గాల్లో ట్రయల్‌కి ఎక్కాలన్నది మన హ్యాంగర్ ఆనవాయితీ. నీరసంగా ఉన్నావు నాన్నా, నేనెక్కుతాలే అని నా బదులు నువ్వెక్కావు. నేను సరే అన్నాను. మీరు దిగాక ఎడమ ఇంజను మూత తీసి చెయ్యి పెడితే వేళ్ళ నిండా ఆయిలు. గొట్టం నట్టు ఊడిపోకుండా కట్టే తీగ అక్కడ లేదు. నట్టు సగం వదులైపోయింది. ఆ తీగని టార్చి వేసి చూశానని సంతకం పెట్టినవాణ్ణి నేను. నిజానికి చూడలేదు. అప్పటికే నా కుడికన్ను మసక. ఎప్పుడూ ఉండేదే కదా, ఉందనుకున్నాను. ఎవరూ రాకముందే నట్టు బిగించి, తీగ కట్టి, ఆయిలు తుడిచేశాను. నువ్వు నవ్వుతూ వచ్చి టీ తాగుదాం రమ్మన్నావు. వచ్చి తాగాను కూడా.

వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చి, కొత్త మోడల్ వస్తోందని నన్ను ఇంటికి పంపారని అడిగినవాళ్ళందరికీ చెప్పి, తప్పు దాని మీదికి నెట్టేశాను. అది నోరు లేనిది కదా. గుంటూరు డాక్టరు గారు కంటి నరం పోయింది, ఇక చూపు రాదన్నారు. లారీలైతే తడుముకుంటూ చెయ్యొచ్చు. ఏదన్నా అయితే హనుమాన్ జంక్షన్ దగ్గర పక్కకి ఆపుకుంటారు.

ఈ ఉత్తరం చీఫ్ గారికి చూపించు. నా సర్టిఫికెట్టు పోతే పోనీ. ఆలస్యం కాకుండా టెలిగ్రాం కూడా ఇస్తున్నాను. అందులో కోర్సుకి సంతకం పెట్టమని మాత్రమే ఉంటుంది.

ఇక్కడిదాకా మీ అమ్మకి చదివి వినిపించాను. పది నెలలుగా ఆవిడకీ తెలియదు. బియ్యంలో రాళ్ళేరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది. "బిడ్డని ఎక్కించారా?" అంది. మళ్ళీ తనే అంది: "మీ మాట మీద వాడిక ఏదీ ఎక్కక్కర్లేదు. కోర్సుకి వెళ్ళమని నా మాటగా రాయండి."

రాశాను.

ఇట్లు,
మీ అమ్మ మాట మోసుకొచ్చిన
మీ నాన్న,
ఏసుపాదం.