విమానంలో పులిజూదం

అక్కా,

నువ్వు పోయాక నీ భర్తను చేసుకున్నదాన్ని రాస్తున్నాను. మొన్న నీ కూతురి కాన్పుకని ఇద్దరం ఆస్ట్రేలియా వెళ్లాం. విమానంలో పన్నెండు గంటలు. సీటు ముందున్న టీవీ చూసి చూసి విసుగొచ్చి, ఆయన టిష్యూ కాగితం మీద పులిజూదం గీశారు. నరసరావుపేటలో ఇన్నేళ్లలో నాతో ఒక్కసారీ ఆడలేదు.

"ఇదెవరు నేర్పారు?" అన్నాను.

"మీ అక్కే. చానా గట్టిది. నన్నొక్క ఆటా గెలవనిచ్చేది కాదు," అని నవ్వారు. అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. నాకు కడుపు మండింది.

ఆయన పులులు చాక్లెట్లు, నా మేకలు వేరుశనగ గింజలు. ఇంకొక్క గింజ పెడితే పులులన్నీ కదల్లేక కట్టుబడి ఆట నాదయ్యేది. కావాలనే దాన్ని వేరేచోట పెట్టాను.

"ఏమే, గెలిచాను చూడు," అన్నారు. పక్కసీటాయనకు కూడా చెప్పుకున్నారు.

నీ దగ్గర ఆయనకు దొరకనిది అదొక్కటే అక్కా. అది నేనిచ్చాను.